ఎఱ్ఱకణత్వచ వికారములు

మానవరక్తమునందలి ఎఱ్ఱకణములను ఆవరించియున్న పలుచని పొరకు ఎఱ్ఱకణత్వచమని పేరు. ఈ త్వచము పుట్టుకతోనే లోపభూయిష్ఠమై యుండుటవలనగాని, శరీరరక్షణకై యేర్పడిన ప్రతిరక్షకములు స్వీయకణములనే పరకణములుగ నెంచి వాని త్వచమును పట్టుకొనుటవలనగాని, కణము తన సహజాయువైన 120 దినములను పూర్తిచేయక మునుపే నశించుచుండును. అట్లు కలుగు రక్తహీనతలలో మొదటివి ఆనువంశికములు, రెండవవి స్వయంప్రతిరక్షకములు. కారణములయందు ఇవి యెంత దూరమున నున్నను, సూక్ష్మదర్శిని క్రింద రక్తపుచుక్కను పరీక్షించు వైద్యునకు రెండింటను తఱచుగ కానవచ్చు రూపమొక్కటే: నడుమ పల్లము మాసిపోయి, పరిమాణమున కుఱుచయై, నిండు ఎఱుపుతో గుండ్రబడిన గోళకణము. లోపలి బంధము తెగి రాలిపోయిన పొరయు, వెలుపలినుండి కొఱికివేయబడిన పొరయు కణమునకు ఒకే ఆకృతిని ఏల కలిగించునో తెలిసికొనుటయే ఈ విషయమున కంతటికిని కీలకము. ఆ రెండింటిని నిశ్చయముగ వేఱుపఱచుట నేర్చుకొనుటకు వైద్యలోకమునకు 1871 మొదలు 1946 వఱకు ముప్పాతిక శతాబ్దము పట్టినది.

త్వచనిర్మాణము

పరిణతి చెందిన ఎఱ్ఱకణమునకు కేంద్రకము లేదు, మైటోకాండ్రియాలు లేవు, క్రొత్త మాంసకృత్తులను నిర్మించుకొను సామగ్రి యేదియు లేదు. ఎముకల మూలుగనుండి వెడలివచ్చునపుడు తోడు తెచ్చుకొన్న పొరతోడనే అది నాలుగు మాసములు జీవింపవలెను. ఆ కాలమున ఆ పొరలో ఏ భాగము పోయినను దానిని తిరిగి కల్పించుకొనుట కణమునకు సాధ్యము కాదు. ఈ సంగతిని మనస్సున నుంచుకొనిన యెడల మున్ముందు చెప్పబోవు వికారములన్నియు సులభముగ బోధపడును.

ఎఱ్ఱకణము ఇరుప్రక్కల నొక్కబడిన బిళ్ళవలె నుండుట యాదృచ్ఛికము కాదు. దాని వ్యాసము సుమారు 8 మైక్రాన్లు, ఘనపరిమాణము సుమారు 90 ఘనమైక్రాన్లు, ఉపరితల వైశాల్యము సుమారు 140 చదరపు మైక్రాన్లు. అంతే ఘనపరిమాణము గల గోళమును కప్పుటకు 97 చదరపు మైక్రాన్ల పొర చాలును. అనగా అవసరమునకు మించి నూటికి నలుబది వంతులకు పైగా పొర ఎఱ్ఱకణమునకు మిగులుగ నున్నదన్నమాట. ఈ మిగులే దానికి ప్రాణాధారము. సగము నింపిన గోనెసంచి ఇరుకుసందులో ఒదిగి దూరగలదు గాని, కుక్కి నింపినది దూరజాలదు గదా. తన వ్యాసములో సగము కూడ లేని కేశనాళికలలోనికి కణము వంగి, మడిగి, సాగి పోవుట ఆ మిగులుపొర మూలముననే.

త్వచమున మూడు అంతరువులను గుర్తింపవచ్చును. మొదటిది కొవ్వుపదార్థముల జంటపొర. 1925లో హాలండు దేశమునందలి లైడెన్ నగరమున గోర్టర్, గ్రెండెల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఎఱ్ఱకణములనుండి కొవ్వును వేఱుచేసి నీటిపై పఱపి చూడగా, అది కణముల ఉపరితలమునకు రెట్టింపు మేర వ్యాపించెను. జీవకణముల పొర రెండు వరుసల కొవ్వు అణువులతో నేర్పడినదను సిద్ధాంతమునకు ఆ ప్రయోగమే మూలము. ఈ రెండు వరుసలు ఒక్క తీరున నుండవు. ఫాస్ఫటిడైల్ సెరీన్ అను కొవ్వు ఆరోగ్యవంతమైన కణమునందు లోపలివరుసలోనే నిలిచియుండును; అది వెలుపలికి వచ్చినచో కణమునకు కాలము చెల్లినదని భక్షకకణములు గ్రహించి దానిని మ్రింగివేయును. దానిని లోపల నిలిపియుంచుటకు కణము నిరంతరము ఏ.టీ.పీ. యను శక్తిద్రవ్యమును వ్యయము చేయుచుండును. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో గూడి 1929లో కండరములనుండి కనుగొన్న ద్రవ్య మిదియే. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దీనిని వేఱుగ గుర్తించెను.

రెండవ అంతరువు జంటపొరను నిలువున చీల్చుకొని యుండు మాంసకృత్తులు. వీనిలో ప్రధానమైనది బ్యాండ్-3 యనునది. ఒక్కొక్క కణమున పదిలక్షలకు పైగా నుండి, క్లోరైడు, బైకార్బొనేటు అయానులను ఇటునటు మార్పిడి చేయుచు, ఊపిరితిత్తులకు బొగ్గుపులుసు వాయువును చేర్చుటలో తోడ్పడును. గ్లైకోఫోరిన్లు, రీసస్ వర్గపు మాంసకృత్తులు ఈ అంతరువుననే యున్నవి. మూడవ అంతరువు జంటపొర లోపలితట్టున పఱచుకొనియున్న వల. ఆల్ఫా, బీటా అను రెండు పోగులు పెనవేసికొని యేర్పడు స్పెక్ట్రిన్ అను పొడవైన మాంసకృత్తు ఈ వలకు దారము. 1968లో మార్కెసీ, స్టీర్స్ అనువారు దీనిని వేఱుచేసి వర్ణించిరి. స్పెక్ట్రిన్ జంటలు ఒకదానితో నొకటి కొసలు కలిపికొని నాలుగు పోగుల పొడుగుపాటి దండములై, ఆక్టిన్, ప్రోటీన్ 4.1 మొదలగు వానితో ముడులుపడి, షట్కోణములతో కూడిన వలను నేర్పఱచును. ఈ వలను పై పొరకు కట్టివేయు కొక్కెము యాంకిరిన్ అను మాంసకృత్తు. అది ఒకచేత స్పెక్ట్రిన్‌ను, మఱొకచేత బ్యాండ్-3ని పట్టుకొని యుండును.

కనుక ఈ కట్టడమున రెండు విధములైన బంధములున్నవి. వలను పొరకు తగిలించునవి నిలువుబంధములు; వలలోని దారములను ఒండొంటికి ముడివేయునవి అడ్డుబంధములు. నిలువుబంధము సడలినచో పొర ఊడి తునుకలుగ రాలిపోవును. అడ్డుబంధము సడలినచో కణము సాగిన తరువాత తిరిగి పూర్వరూపమును పొందజాలదు. ఆనువంశిక త్వచరోగములు చాలవఱకు ఈ రెండింటిలో నొకదాని వైకల్యమే.

ప్లీహమున జరుగు పరీక్ష

పొరయందలి దోషమును పసికట్టు అవయవము ప్లీహము. ఇచ్చట రక్తములో కొంతభాగము నాళములను వీడి, ఎఱ్ఱగుజ్జు అనబడు జాలకములలో చొచ్చి, అచ్చటినుండి ఒకటి రెండు మైక్రాన్ల వెడల్పునకు మించని సన్నని చీలికలగుండ తిరిగి సిరలలోనికి రావలెను. ఎనిమిది మైక్రాన్ల కణము ఆ చీలికను దాటుట దాని వంగుబాటు కంతటికిని అగ్నిపరీక్ష. గోళకణము దాటలేదు; జాలకముననే చిక్కుపడును. అచ్చట గ్లూకోజు స్వల్పము, ఆమ్లత యధికము. పైగా చుట్టును భక్షకకణములు కాచుకొని యుండును. చిక్కిన కణము మఱికొంత పొరను కోల్పోయి మఱింత గోళమగును. ఇంకొకమాఱు వచ్చినపుడు తప్పించుకొనుట మఱింత దుర్లభమగును. ఇట్లు కణము నశించిన కొలది రక్తహీనతయు, విచ్ఛిన్నమైన హీమోగ్లోబిన్ నుండి పుట్టు బిలిరుబిన్ చేత కామెర్లును, బరువెక్కిన పనిచేత ప్లీహము వాపును, బిలిరుబిన్ పేరుకొని పిత్తాశయమున రాళ్ళును ఏర్పడును. కారణమేదైనను రక్తకణక్షయ మున్నచోట ఈ లక్షణచతుష్టయము చాలవఱకు కనబడుచుండును.

ఆనువంశిక గోళకణరోగము

1871లో బెల్జియము దేశస్థులైన వాన్‌లేర్, మాసియుస్ అను వైద్యులు ఒక రోగియందు చిన్నవియు గుండ్రనివియు నగు రక్తకణములను చూచి వర్ణించిరి. నాడు వారి మాటను పట్టించుకొన్నవారు అరుదు. 1900లో జర్మనుభాషా వైద్యుడు ఓస్కార్ మింకోవ్‌స్కీ, క్లోమమును తొలగించిన కుక్కకు మధుమేహము వచ్చునని అంతకు ముందే నిరూపించి ప్రఖ్యాతుడైనవాడు, ఒకే కుటుంబమున తరతరములుగ కామెర్లును ప్లీహవృద్ధియు వచ్చుచున్న వైనమును వెల్లడించెను. 1907లో పారిసు నగరమున షోఫార్, ఇట్టి రోగుల ఎఱ్ఱకణములు పలుచని ఉప్పునీటిలో ఆరోగ్యవంతుల కణములకంటె త్వరగా పగిలిపోవునని కనుగొనెను. సాధారణకణములు 0.5 శాతమునకు దిగువనున్న ఉప్పునీటిలో పగులనారంభించి 0.3 శాతము వద్దకు వచ్చుసరికి పూర్తిగా పగిలిపోవును. గోళకణములు అంతకంటె చిక్కని ద్రావణముననే పగులును. నీరు లోనికి చొచ్చినపుడు ఉబ్బుటకు వానియందు మిగులుపొర లేకపోవుటయే దీనికి హేతువు. నేటికిని ఈ పరీక్ష వాడుకలో నున్నది.

ఈ రోగము ఉత్తరయూరపు జాతులయందు సుమారు రెండువేల నుండి అయిదువేల మందిలో నొకరికి కనబడును. ఇతరదేశములయందును, భారతదేశమునందును లేకపోలేదు. నూటికి డెబ్బదియైదు కుటుంబములలో తల్లిదండ్రులలో నొకరినుండి వచ్చిన ఒక్క లోపజన్యువే రోగమును కలిగింపజాలియుండును. యాంకిరిన్, బ్యాండ్-3, ఆల్ఫా లేక బీటా స్పెక్ట్రిన్, ప్రోటీన్ 4.2 అను అయిదింటిలో దేనియందు లోపమున్నను ఫలము నిలువుబంధము తెగుటయే. వలయొక్క ఆధారము తప్పిన చోట జంటపొర కన్నులకు కానరాని బుడగలై రాలును. లోపలి హీమోగ్లోబిన్ మాత్రము పోదు. అందుచేతనే ఈ కణములయందు హీమోగ్లోబిన్ సాంద్రత సాధారణముకంటె మిన్నగా నుండుట యంత్రములతో రక్తము లెక్కించు ఈకాలమున మొదటి సూచనగ వైద్యుల దృష్టికి వచ్చుచున్నది.

దోషము కణముననే యున్నదని, దేహముననో ప్లీహముననో లేదని నిరూపించిన ప్రయోగము యుద్ధకాలపు ఇంగ్లండునందు జరిగినది. 1943లో డేసీ, మాలిసన్ అనువారు ఆరోగ్యవంతుల రక్తమును ఈ రోగులకు ఎక్కించి, ఆ కణములు రోగిదేహమున సహజాయువుతోనే జీవించుట గమనించిరి. స్వయంప్రతిరక్షక రోగులయందు ఇందుకు విపరీతముగ దాతల కణములు కూడ త్వరగానే నశించును. ఇన్ని పరీక్షాసాధనములు లేని ఆ దినములలో, ఎవరి కణమును ఎవరి దేహమున ప్రవేశపెట్టిన ఏమగునను ఒక్క ప్రశ్నతో రోగమూలమును తేల్చిన ఆ తర్కపాటవము నిజముగ ప్రశంసనీయము.

ప్లీహమును తొలగించినచో రక్తహీనత చాలవఱకు తొలగును. కణముల గోళత్వము మాత్రము అట్లే యుండును. పొరను కోల్పోయిన కణమైనను దానిని అడ్డగించు ద్వారము లేనందున బ్రతుకుచుండును. అయినను ప్లీహము లేనివారికి న్యూమోకాకస్ మొదలగు సూక్ష్మజీవులవలన ప్రాణాంతకమైన జ్వరములు వచ్చు ప్రమాద మధికము గనుక, ముందుగ టీకాలు వేసి, ఆఱవయేడు నిండువఱకు ఆగి, రోగతీవ్రతను బట్టి మాత్రమే శస్త్రచికిత్సకు పూనుకొనుట నేటి పద్ధతి. ఎడతెగక క్రొత్తకణములను సృష్టించు మూలుగకు ఫోలికామ్లము విశేషముగ కావలసియుండును. దీర్ఘకాలిక కణక్షయము తీవ్రముగ నున్నవారి కందఱకు దానిని మాత్రలుగ ఇచ్చెదరు. 1940వ దశకమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ ఫోలికామ్లమును కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు సుబ్బారావుగారే. పార్వోవైరస్ బి19 సోకినపుడు మూలుగ కొన్నిదినములు ఎఱ్ఱకణోత్పత్తిని నిలిపివేయును. ఆరోగ్యవంతులకు తెలియకనే గడచిపోవు ఆ కొద్దిదినములు, కణములు ఇరువది ముప్పది దినములకే నశించుచున్నవారికి మహాసంకటమై రక్తము నెక్కింపవలసిన స్థితిని కల్పించును.

అడ్డుబంధముల వికారములు

1904లో అమెరికాలో డ్రెస్‌బాక్ అనునతడు ఒక వైద్యవిద్యార్థి రక్తమున కోడిగ్రుడ్డు ఆకృతిలో నున్న కణములను చూచి ప్రకటించెను. ఇది ఆనువంశిక దీర్ఘవృత్తకణరోగము. స్పెక్ట్రిన్ జంటలు కొసలు కలిపికొని నాలుగుపోగుల దండములగుటలోగాని, ప్రోటీన్ 4.1 ముడిలోగాని లోపమున్నపుడు, కేశనాళికలలో మాటిమాటికి సాగిన కణము క్రమముగ ఆ సాగినరూపముననే నిలిచిపోవును. పొర అంతగా పోదు గనుక, చాలమందికి రక్తహీనతయే యుండదు. వేఱు కారణమున రక్తపరీక్ష చేయించుకొన్నపుడు దైవికముగ బయటపడును. కాని రెండు లోపజన్యువులు ఒకరియందే కలసినచో కణములు చిందరవందరగ తునుకలగును. 1975లో వర్ణింపబడిన ఈ తీవ్రరూపమున, సాధారణకణములు 49 డిగ్రీల సెల్సియస్ వద్ద తునుకలగుచుండగా, ఈ రోగమున్న శిశువుల కణములు 45, 46 డిగ్రీలకే తునుకలగుట కనుగొనబడినది. కాలినగాయములైన రోగుల రక్తమును పోలియుండుటచేత మొదట వైద్యులు చకితులైరి.

పాపువా న్యూగినీ, ఇండొనేషియా, మలేషియా, ఫిలిప్పైన్సు దేశముల సముద్రతీరవాసులయందు మఱొక విచిత్రమైన అండాకారకణము కలదు. బ్యాండ్-3 మాంసకృత్తులో తొమ్మిది అమైనో ఆమ్లములు లోపించుటవలన పొర బిఱుసెక్కి, మలేరియా పరాన్నజీవి ప్రవేశము కష్టమగును. మెదడునకు సోకు తీవ్రమలేరియానుండి ఈ లోపము శిశువులను కాపాడును. అయితే తల్లిదండ్రు లిరువురినుండియు ఈ లోపమును పొందిన పిండము సామాన్యముగ గర్భమునందే నశించును. 1897 ఆగస్టులో సికింద్రాబాదునందు రోనాల్డ్ రాస్ దోమ ఉదరమున చూచిన మలేరియా పరాన్నజీవి ఎఱ్ఱకణమునకు ఎంత పురాతనశత్రువో, ఈ పొరలోని మార్పులను తరచి చూచిన కొలది తెలియుచున్నది. ఉష్ణదేశములయందు రక్తకణలోపములు ఇంతగా నిలిచిపోవుటకు మలేరియాయే ముఖ్యకారణము.

పొరయొక్క ఆకృతిగాక, లవణజలములను లోపలికి వెలుపలికి నడపు ద్వారములే దోషయుతములైనపుడు నోటికణరోగమని పిలువబడు వికారము కలుగును; నడుమ పల్లము చీలికవలె కనబడును. వీనిలో నీరు ఇంకిపోవు జాతికి పీజో-1 అను ద్వారపు మాంసకృత్తు జన్యువే మూలమని 2012లో తెలిసినది. ఒత్తిడిని గుర్తించు ఈ ద్వారములను 2010లో కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమానము లభించెను. ఈ రోగమును గోళకణరోగముగ భ్రమించి ప్లీహమును తొలగించినచో రక్తనాళములయందు గడ్డలు కట్టు ప్రమాద ముండును గనుక, శస్త్రచికిత్సకు ముందు రోగనిర్ణయము సందేహరహితముగ నుండవలెను.

హీమోగ్లోబిన్ దోషమువలన చెడు పొర

కొడవలికణరోగమున దోషము హీమోగ్లోబిన్‌లోనిదే యైనను అంతిమముగ దెబ్బతినునది పొరయే. బీటాశృంఖలమున ఆఱవస్థానమందలి గ్లూటామిక్ ఆమ్లమునకు మాఱుగ వాలీన్ చేరుటవలన, ప్రాణవాయువు తగ్గినపుడు హీమోగ్లోబిన్ అణువులు దారములుగ పేరుకొని కణమును కొడవలివలె వంచును. ప్రాణవాయువు చేరినంతనే దారములు కరగి కణము మామూలగును. కాని ఇట్లు పలుమాఱులు వంగి నిక్కుటచేత పొర చెడును. కాల్సియము లోనికి జొచ్చును. పొటాసియమును నీరును వెడలిపోవును. ఫాస్ఫటిడైల్ సెరీన్ వెలుపలివరుసకు వచ్చును. కణము రక్తనాళపు లోపలిగోడ కంటుకొనును. తుదకు కొన్ని కణములు ప్రాణవాయువు పుష్కలముగ నున్నను కొడవలిరూపమును విడువవు. 1976లో జరిగిన ఒక ప్రయోగమున అట్టి కణములనుండి హీమోగ్లోబిన్ నంతయు కడిగివేసినను మిగిలిన స్పెక్ట్రిన్ వల కొడవలి ఆకారముననే నిలిచియుండెను. వంపు వలయందే ఘనీభవించినదని దీనివలన తేలినది.

భారతదేశమున ఈ లక్షణమును 1952లో నీలగిరి పర్వతవాసులయందు లేమాన్, కట్‌బుష్ అనువారు మొదట గుర్తించిరి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములయందలి గిరిజన సముదాయములలోను ఇది వ్యాపించియున్నది. 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌నందు ఆరంభమైన జాతీయ కొడవలికణరోగ నిర్మూలన కార్యక్రమము, 2047 నాటికి ఈ రోగమును ప్రజారోగ్యసమస్యగ లేకుండ చేయు లక్ష్యముతో, నలుబదియేండ్ల లోపు వయస్సుగల ఏడుకోట్లమందిని పరీక్షించుటకు పూనుకొన్నది. పరీక్షలో లక్షణమున్నదని తెలిసిన యువతీయువకులకు దాని యర్థమును వారి భాషలో ఓపికగ విడమరచి చెప్పువారు లేనిదే ఆ పరీక్షాపత్రము కుటుంబమున భయమునకును నిందకును మాత్రమే కారణమగునని గ్రహించుట అత్యావశ్యకము.

థలసీమియాలో మార్గము వేఱు. బీటాశృంఖలములు తయారుకాకపోవుటచే జతలేక మిగిలిన ఆల్ఫాశృంఖలములు అవక్షేపమై పొర లోపలితట్టున నంటుకొని, తమ యందలి ఇనుముచేత ప్రోటీన్ 4.1, స్పెక్ట్రిన్ మొదలగు వానిని ఆక్సీకరణమునకు గుఱిచేయును. బ్యాండ్-3 గుంపులు కట్టును. ఆ గుంపులను గుర్తించి దేహమున సహజముగ నుండు ప్రతిరక్షకములు వచ్చి పట్టుకొనును. ఆనువంశికరోగము చివరకు ప్రతిరక్షకముల చేతిలోనే కణమును అప్పగించుట ఇచ్చట చూడదగినది. మనదేశమున థలసీమియా లక్షణమును మోయువారు నూటికి మూడునలుగురని అంచనా. జి-6-పి.డి. యను ఎంజైము లోపమునందును ప్రిమాక్విన్ వంటి మందుల ప్రభావమున హీమోగ్లోబిన్ అవక్షేపమై పొర కంటుకొనుటయు, ఆ ముక్కను ప్లీహము కొఱికి తీయగా కణము అంచున గంటు పడుటయు జరుగును.

స్వయంప్రతిరక్షక రక్తహీనతలు

1908లో పారిసునందు విడాల్, ఆయన సహచరులు పుట్టుకతో రాని కణక్షయపు కామెర్లను వర్ణించి, ఆ రోగుల రక్తకణములు తమంతట తామే గుమికూడుటను చూపిరి. అయినను గోళకణము కనబడిన ప్రతిచోట ఆనువంశికరోగమే యుండునను నమ్మకము చిరకాలము వైద్యులను వీడలేదు. 1938లో బోస్టన్ నగరమున డామెషెక్, ష్వార్ట్జ్ అనువారు కుందేళ్ళలో పుట్టించిన ప్రతిరక్షకములను గినీపందులకు సూదిమందుగ నిచ్చి, ఆరోగ్యమైన ఆ జంతువుల కణములు గోళములగుటను కన్నులకు కట్టునట్లు చూపి ఆ నమ్మకమును కదలించిరి. 1945లో కేంబ్రిడ్జియందు కూంబ్స్, మూరాంట్, రేస్ అనువారు, కణము నంటుకొనియున్నను కంటికి కానరాని ప్రతిరక్షకమును బయటపెట్టు పరీక్షను కల్పించిరి. మానవ ప్రతిరక్షకములకు వ్యతిరేకముగ కుందేలు రక్తమున పుట్టిన ద్రవ్యమును కలిపినచో, పూతపట్టిన కణములు ముద్దకట్టును. మరుసటి యేడు బూర్మన్, డాడ్, లౌటిట్ ఆ పరీక్షను గోళకణరోగులకు ప్రయోగించి, పుట్టుకతో వచ్చినదానియందు అది ప్రతికూలముగను, పిదప సంభవించినదానియందు అనుకూలముగను ఉండుటను నిరూపించిరి. డెబ్బదియైదేండ్ల అయోమయము ఒక పరీక్షానాళికలో తొలగినది.

ఈ రోగములలో అధికసంఖ్యాకము ఉష్ణజాతివి, ప్రతిరక్షకము ఐ.జి.జి. వర్గమునకు చెంది, శరీరోష్ణమైన 37 డిగ్రీలవద్ద చక్కగ నంటుకొనును. దాని గుఱి తఱచుగ రీసస్ మాంసకృత్తులు. కొన్నిచోట్ల బ్యాండ్-3, గ్లైకోఫోరిన్-ఎ. అది స్వయముగ పొరను ఛేదింపదు. దాని తోకను పట్టుకొను గ్రాహకములు ప్లీహమందలి భక్షకకణములయం దున్నవి. భక్షకకణము పూతపట్టిన కణమును కొన్నిమాఱులు సమూలముగ మ్రింగును. కొన్నిమాఱులు ప్రతిరక్షకముతోబాటు పొరలో ఒక తునుకను మాత్రమే కొఱికికొని కణమును విడిచిపెట్టును. పొర తిరిగి అతుకుకొనును, హీమోగ్లోబిన్ లోపలనే నిలుచును, వైశాల్యము తగ్గును. 1967లో లోబుగ్లియో, కోట్రాన్, జాండల్ ఈ కొఱుకుడును, కణము గోళమగుటను సూక్ష్మదర్శినిలో కనుగొనిరి. యాంకిరిన్ లేక రాలిన పొరయు, భక్షకకణము తినివేసిన పొరయు పరిణామమున ఒక్కటే యగుటకు కారణ మిప్పుడు స్పష్టము: రెండింటను పోయినది మిగులుపొర, పోనిది ఘనపరిమాణము.

శీతజాతి రోగమున ప్రతిరక్షకము ఐ.జి.ఎం. వర్గమునది. చలికి గుఱియగు వ్రేళ్ళు, చెవులు, ముక్కు మొదలగు చోట్ల అది కణములను గుంపుకట్టించి, కాంప్లిమెంట్ అను రక్తరసద్రవ్యములను పొరపై నిలిపి, రక్తము దేహమధ్యమునకు మరలి వేడెక్కగానే తాను జారిపోవును. మిగిలిన కాంప్లిమెంట్ ముద్రను చూచి కాలేయమందలి భక్షకకణములు కణమును పట్టుకొనును. కనుక ఇచ్చట ప్లీహమును తొలగించినందున ప్రయోజనము స్వల్పము. మైకోప్లాస్మా న్యుమోనియా తరువాత కొలది వారములు ఇట్టి స్థితి యేర్పడి తనంతట మానుట కలదు. వృద్ధులయందు అది దీర్ఘరోగమగును. 1904లో డొనాత్, లాండ్‌స్టైనర్ వర్ణించిన మఱొక రూపమున ప్రతిరక్షకము చలిలో నంటుకొని, వేడిలో కాంప్లిమెంట్ చేత పొరకు రంధ్రములు పొడిపించి, మూత్రమును నల్లబఱచును. నేడిది చాలవఱకు వైరస్ జ్వరముల పిదప పిల్లలయందు కనబడుచున్నది.

లూపస్ మొదలగు వ్యాధులు, కొన్ని తెల్లకణకేన్సరులు, కొన్ని మందులు ఈ రోగమును ప్రేరేపించును. రక్తపుపోటునకు వాడు మిథైల్‌డోపా కారణముగ కూంబ్స్ పరీక్ష అనుకూలమగు రోగులున్నారని 1966లో వెల్లడియైనది. మందు నాపినచో కణక్షయము క్రమముగ నాగును. ఉష్ణజాతికి ప్రెడ్నిసొలోన్ ప్రథమౌషధము; ఆ పిదప రిటుక్సిమాబ్, ప్లీహచ్ఛేదము. శీతజాతికి ప్రెడ్నిసొలోన్ అంతగా పనిచేయదు; చలినుండి రక్షణ, రిటుక్సిమాబ్, 2022నుండి అమెరికాలో అనుమతిపొందిన సుటిమ్లిమాబ్ అను కాంప్లిమెంట్ నిరోధకము ఉపయోగపడుచున్నవి.

నిర్ణయమున జాగ్రత్తలు

గోళకణము కనబడినపుడు కూంబ్స్ పరీక్ష చేయక ముందుకు పోరాదు. అది ప్రతికూలమైనంతమాత్రముననే స్వయంప్రతిరక్షకరోగము లేదనియు తేల్చరాదు, కొలది ప్రతిరక్షకములు ఆ పరీక్షకు అందకపోవచ్చును. ఆనువంశికరోగమును స్థిరపఱచుటకు నేడు ఇయోసిన్ మాలిమైడ్ అను ప్రకాశించు రంగును బ్యాండ్-3కి అంటించి కాంతి తగ్గుదలను కొలిచెదరు. కణముల వంగుబాటును లేజరు కాంతితో కొలుచు పద్ధతిని 1975లో మార్సెల్ బెస్సీ, నార్ల మోహన్‌దాస్ ప్రకటించిరి. పైన చెప్పిన నోటికణరోగమును వేఱుచేయుటకు అది విశేషముగ తోడ్పడును. తల్లిదండ్రుల, తోబుట్టువుల రక్తమును కూడ చూచుట అన్ని పరీక్షలకును ముందు చేయదగిన సులభకార్యము; బాల్యమున కామెర్లు, పిన్నవయస్సున పిత్తాశయపు రాళ్ళు వచ్చిన బంధువు లెవరైన నున్నారా యని అడిగిన ఒక ప్రశ్న ఖరీదైన పరీక్షను తప్పించుట కలదు. శీతజాతి యనుమానమున్నపుడు రక్తమును తీసిన క్షణమునుండి వెచ్చగ నుంచవలెను. చల్లారిన గొట్టములో కణములు గుంపుకట్టి, యంత్రము వానిని పెద్దకణములుగ భ్రమించి తప్పులెక్కలు చూపును.

ఉష్ణజాతిరోగికి రక్తము నెక్కింపవలసి వచ్చినపుడు రక్తనిధియందు మఱొక చిక్కు తలయెత్తును. అతని రక్తరసమందలి ప్రతిరక్షకము దాదాపు మానవులందఱి కణముల నంటుకొనును గనుక ఏ దాత రక్తమును సరిపోలినట్లు కనబడదు. ఆ స్థితిలో చూడవలసినది, మునుపటి రక్తదానములవలనగాని గర్భధారణమువలనగాని పుట్టిన పరప్రతిరక్షకము దాని చాటున దాగియున్నదా యనునది. దానిని పసికట్టుటకు రోగి స్వీయకణములతోనే రక్తరసమందలి స్వీయప్రతిరక్షకమును పీల్చివేసి, మిగిలిన రసముతో పరీక్షింతురు. గడచిన మూడుమాసములలో రక్తము నెక్కించుకొన్నవారియందు దాతల కణములు కూడ కలసియుండుటచేత ఈ పద్ధతి పనికిరాదు; రకములు తెలిసిన ఇతరుల కణములతో పీల్చవలెను. హీమోగ్లోబిన్ ప్రాణాపాయముగ పడిపోయిన రోగికి మాత్రము, సరిపోలిన రక్తము దొరకలేదను కారణమున ఆలస్యము చేయక, అత్యల్పముగ నంటుకొను రక్తమును నెమ్మదిగ, దగ్గఱనుండి గమనించుచు ఎక్కింపవలెనని రక్తశాస్త్రజ్ఞుల యభిప్రాయము.